భజంత్రీలూ... గట్టిమేళం!

చీరల ఎంపికకు నెల, ఫొటోల వాళ్లకు రెండు నెలలు, మేళానికి ఒక్క ఫోన్ కాల్. ఇప్పుడు మన పెళ్లిళ్లు జరుగుతున్న తీరు ఇది. ముహూర్త క్షణాన్ని చాటే సన్నాయిని, డోలుని ఎలా ఎంచుకోవాలో, ఎక్కడ కూర్చోబెట్టాలో మళ్లీ నేర్చుకోవాల్సిన సమయం వచ్చింది.

మా తమ్ముడి కూతురి పెళ్లి. ముహూర్తం తెల్లవారుజామున 3 గంటల 40 నిమిషాలకి. అడ్డుతెర పట్టుకున్న వాళ్ల చేతులు అప్పటికే లాగేస్తున్నాయి. పంతులుగారు మంగళాష్టకాలు ముగించారు, గడియారం చూసుకున్నారు. పిల్ల చేత, పిల్లవాడి చేత ఒకరి తల మీద ఒకరికి జీలకర్రబెల్లం పెట్టించి, కుడిచెయ్యి పైకెత్తి "భజంత్రీలూ!" అని కేకేశారు.

మేళం పలకలేదు.

ఇంకోసారి కేకేశారు. తెర దిగిపోయింది. ముందు వరసలో ఉన్నవాళ్లు అక్షింతలు వేసేశారు. వెనక వరసల్లో ఉన్నవాళ్లు గుప్పిళ్లు బిగించుకుని అలాగే నిలబడిపోయారు. పది పన్నెండు సెకన్లు కెమెరాల టకటకలు తప్ప మరేమీ వినబడలేదు. ఆ తర్వాత ఎక్కడో గోడ వెనక నుంచి డోలు మోగింది.

మేళగాళ్ల తప్పు ఇసుమంత కూడా లేదు. వేదిక మీద పూలగోడ కట్టినవాళ్లు చోటు చాలదంటే, సన్నాయి వాళ్లని దాని వెనక్కి జరిపించింది నేనే. అక్కణ్ణించి వాళ్లకి పంతులుగారు కనబడరు, స్పీకరులో వచ్చే మాటే ఆధారం. సరిగ్గా ఆ క్షణానికే పంతులుగారి మైకు మొరాయించింది. ఉదయం టిఫిన్ల దగ్గర మా మేనత్త నన్ను పక్కకి పిలిచి, "ముహూర్తానికి మేళం పలకలేదేమిరా అబ్బాయ్?" అంది. ఆవిడ నిష్ఠూరంగా అనలేదు. దిగులుగా అంది. ఇన్నేళ్లయినా ఆ మాట నాలో అలాగే ఉంది. అప్పటి నుంచి ఏ పెళ్లికి వెళ్లినా నా కళ్లు ముందు మేళం ఎక్కడుందో వెతుకుతాయి.

ఆ హోరు ఎందుకు

గట్టిమేళం ఎందుకని అడిగితే పెద్దవాళ్లు చెప్పే కారణం ఒకటే. ఆ క్షణంలో తుమ్ము గానీ, పసిపిల్ల ఏడుపు గానీ, ఎవరి నోటి నుంచైనా జారే అపశకునపు మాట గానీ వధూవరుల చెవిన పడకూడదు. ఆ నమ్మకం అలా ఉంచండి. దానికి ఇంకో పని కూడా ఉంది. మైకులు లేని రోజుల్లో పందిట్లో చివర కూర్చున్నవాళ్లకి, వంటల దగ్గర ఉన్నవాళ్లకి, అరుగు మీద పడుకున్న ముసలివాళ్లకి ముహూర్తం అయిందని తెలిసేది ఆ హోరుతోనే. నిద్రపోతున్నవాళ్లు లేచేవారు, దూరంగా ఉన్నవాళ్లు ఉన్నచోటి నుంచే అక్షింతలు విసిరేవారు. వందల మంది ఒక్క క్షణంలో ఒక్క పని చేసేవారు. మా పెళ్లిలో వెనక వరసల వాళ్లు గుప్పిళ్లు బిగించుకుని ఆగిపోయింది అందుకే. వాళ్లు పంతులుగారి కోసం ఆగలేదు, డోలు కోసం ఆగారు.

అంటే పెళ్లి తంతుని నడిపించేది ఇద్దరు. మంత్రంతో పురోహితుడు, నాదంతో మేళం. మధుపర్కాలు, కన్యాదానం, జీలకర్రబెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, సప్తపది... ఒక్కో ఘట్టం ముగిసినప్పుడల్లా పంతులుగారు "భజంత్రీలు" అంటారు. ఆ మాటతో మంత్రం ఆగుతుంది, సన్నాయి అందుకుంటుంది. మళ్లీ ఆయన చెయ్యి చూపిస్తే సన్నాయి ఆగుతుంది. మహాసంకల్పం చదువుతున్నంతసేపూ మేళం మౌనంగా ఉండాలి. తాళి కట్టేటప్పుడు మూడు ముళ్లూ పడేదాకా డోలు తగ్గకూడదు. ఎప్పుడు పలకాలో, ఎప్పుడు ఊరుకోవాలో తెలిసినవాడే పెళ్లి మేళగాడు. కచేరీలో గొప్పగా వాయించే ప్రతివాళ్లకీ ఈ విద్య పట్టుబడదు.

ఊపిరితో చేసే పని

మనం ఇంట్లో సన్నాయి అనే మాటకి పండితులు వాడే పేరు నాదస్వరం. ఉత్తరాది షెహనాయి చిన్నది, మెత్తనిది, గదిలో వినదగినది. మన నాదస్వరం రెండున్నర అడుగుల దాకా ఉంటుంది, ఆరుబయట పుట్టిన నాదం అది. గుడి ప్రాకారాల కోసం, రథం వీధుల కోసం తయారైంది. వాయించడానికి ఏడు రంధ్రాలు, కింద శ్రుతి సరిచేసుకోవడానికి మరికొన్ని. వాటిని మైనంతో మూస్తూ తెరుస్తూ శ్రుతి కుదుర్చుకుంటారు. పైన ఉండే పీకని జీవాళి అంటారు. అది కావేరి ఒడ్డున పెరిగే ఒక రకం గడ్డితో చేస్తారు. వాద్యానికి దారం కట్టి వేలాడదీసిన అదనపు పీకలు, సూది మీరు చూసే ఉంటారు. అలంకారం కోసం కాదు. పీక తడి ఎక్కువైనా ఆరిపోయినా నాదం మారిపోతుంది, అందుకే పూటకి రెండు మూడు మార్చుకుంటారు. తెల్లవారుజామున ముహూర్తం ఉన్న పెళ్లిలో రాత్రి పదింటికి మొదలుపెట్టినవాడు పొద్దున ఆరింటికి కూడా అదే శ్రుతిలో ఉండాలి. ఎంత ఊపిరి కావాలో ఊహించండి.

పాతకాలపు నాదస్వరం పొట్టిగా ఉండి తీక్షణంగా పలికేది, దాన్ని తిమిరి అంటారు. తమిళనాడుకి చెందిన టి.ఎన్. రాజరత్నం పిళ్లై (1898-1956) నరసింగంపేట వాద్య నిర్మాత రంగనాథన్ ఆచారితో కలిసి పొడవైన, శ్రుతి తగ్గించిన బారి నాదస్వరాన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఇప్పుడు పెళ్లిళ్లలో ఎక్కువగా వినబడేది ఈ బారి రకమే. నరసింగంపేట నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నాలుగు గోడల కల్యాణ మండపంలో పెళ్లి అయితే బారి నాదస్వరం ఉన్న మేళాన్నే అడగండి. చెవికి హాయిగా ఉంటుంది.

డోలుని తక్కువగా చూడొద్దు. తమిళులు తవిల్ అనే ఈ వాద్యానికి పనస దుంగని తొలిచి గుండ్రటి కట్టు చేస్తారు. ఒక పక్క కర్రతో, రెండో పక్క వేళ్లకి గట్టి తొడుగులు తొడుక్కుని కొడతారు. సన్నాయి బాగుండి డోలు బాగుండకపోతే పెళ్లి అంతా గోలగా ఉంటుంది. డోలు విద్వాంసుడు మంచివాడైతే మామూలు సన్నాయి కూడా నిండుగా వినబడుతుంది. అందుకే నేను అడిగే మొదటి ప్రశ్న "సన్నాయి ఎవరు" అని కాదు, "డోలు ఎవరు" అని.

కరవది నుంచి శ్రీరంగం దాకా

ఈ విద్య మనకి అరువు తెచ్చుకున్నది కాదు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ (1924-1999) చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. తర్వాత తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ వెళ్లి శిష్యరికం చేశారు, చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. శ్రీరంగనాథుడి వాకిట్లో కాపురం పెట్టిన ఆంధ్ర ముస్లిం విద్వాంసుడాయన. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆడవాళ్లకి ఊపిరి చాలదని తేలిగ్గా అనేసేవాళ్లకి కాలీషాబీ గారి నాదస్వరమే సమాధానం.

గోసవీడు షేక్ హసన్ సాహెబ్ భద్రాచలం రామాలయంలో నాదస్వరం వాయించారు. 2022లో మరణానంతరం పద్మశ్రీ ప్రకటించారు. తెలుగువాళ్లకి సీతారామ కల్యాణాన్ని మించిన పెళ్లి లేదు. ఆ రాముడి కొలువులో వాయించిన విద్వాంసుడు ఒక ముస్లిం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ముస్లిం కుటుంబాలు, మిగతా చాలా చోట్ల నాయీబ్రాహ్మణ కుటుంబాలు ఈ విద్యని తండ్రి నుంచి కొడుక్కి అందిస్తూ వచ్చాయి. రామనవమికీ, మన ఇంటి పెళ్లికీ వాళ్లు కావాలి. వాళ్లు లేకుండా మంగళం అన్న మాట లేదు. మరి అదే పెళ్లిలో వాళ్లని చివరి పంక్తిలో కూర్చోబెట్టిన ఇళ్లు నాకు తెలుసు. ఆ పద్ధతి మనం మార్చుకుని తీరాలి.

ఇప్పుడు ఈ విద్య కులవృత్తి దాటి బయటికి వస్తోంది. తిరుపతిలో తితిదే నాదస్వరం, డోలు పాఠశాల నడుపుతోంది. పిల్లలు చేరాలంటే ఆ చదువు ముగించినవాళ్లకి పని దొరకాలి. ఆ పని ఇవ్వాల్సింది మన పెళ్లిళ్లే.

ఫంక్షన్ హాలు ప్యాకేజీలో వద్దు

హాలు బుక్ చేసుకున్నప్పుడే అలంకరణ, భోజనాలు, మేళం కలిపి ఒక ధర చెబుతున్నారు. సుఖంగానే ఉంటుంది. కానీ ఆ మేళం ఎవరో మీకు తెలియదు, పెళ్లిరోజు దాకా వాళ్ల ముఖం చూడరు. పైగా డబ్బు చేతులు మారేకొద్దీ వాయించేవాడికి అందేది తగ్గుతుంది. మేళాన్ని మాత్రం ప్యాకేజీ నుంచి తీసేయమని చెప్పి, మీరే మాట్లాడుకోండి.

ఎప్పుడు? ముహూర్తం పెట్టుకున్న రోజే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మూఢాలు పోగా మనకి మిగిలే మంచి ముహూర్తాలు తక్కువ, అన్ని పెళ్లిళ్లూ వాటి మీదే పడతాయి. ఒకే రాత్రికి రెండు మూడు పెళ్లిళ్లు ఒప్పుకున్న పెద్ద మేళాలు మనుషుల్ని పంచుకోక తప్పదు. పేరున్న విద్వాంసుడిని మాట్లాడుకుంటే పీట దగ్గరికి ఆయన అన్నకొడుకు వస్తాడు. ఆ కుర్రాడూ బాగానే వాయించవచ్చు, కానీ ఆ సంగతి ముందే తెలియాలి. అందుకని మర్యాదగా, నేరుగా అడగండి: "అయ్యా, ఆ రాత్రి మా ఇంటికి మీరే వస్తారా? మీతో ఎవరెవరు వస్తారు?" రెండు సన్నాయిలు, రెండు డోళ్లు, శ్రుతి, తాళం ఉంటే నిండైన మేళం. ఒక సన్నాయి, ఒక డోలు చాలవా అంటే చిన్న పెళ్లికి చాలు. కానీ రాత్రంతా సాగే తంతుకి రెండో సన్నాయి లేకపోతే మొదటి మనిషికి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు.

వినకుండా ఒప్పుకోవద్దు. వీడియో చూసి నిర్ణయించుకోవడం నాకు నచ్చదు. అందులో వాళ్లు బాగా వాయించిన మూడు నిమిషాలే ఉంటాయి, నాలుగో గంటలో ఎలా వాయిస్తారో ఉండదు. దగ్గర్లో ఏ గుళ్లోనైనా కల్యాణోత్సవం జరుగుతుంటే, వాళ్లు అక్కడ వాయిస్తుంటే వెళ్లి కూర్చోండి. సంగీతం తెలియక్కర్లేదు. మూడు సంగతులు గమనిస్తే చాలు. ఒక స్వరం మీద నిలబడినప్పుడు నాదం వణుకుతోందా? అర్చకుడి మంత్రం మొదలవగానే వాయిద్యం ఆగుతోందా? డోలు వాయించే మనిషి చూపు ఎటు ఉంది? ఫోను వైపు ఉందా, అర్చకుడి వైపు ఉందా? ఈ మూడోదే నాకు అన్నిటికంటే ముఖ్యం.

ఏమి వాయించాలి

ఇక్కడ పెళ్లివాళ్లు రెండు తప్పులు చేస్తారు. ఏమీ చెప్పకుండా వదిలేయడం ఒకటి, ప్రతి పది నిమిషాలకీ ఒకరు వెళ్లి సినిమా పాట అడగడం రెండోది. అనుభవం ఉన్న విద్వాంసుడికి వేళకి తగిన రాగం తెలుసు. మొదట గంభీరనాట, తెల్లవారుతుంటే భూపాళం, బిళహరి, తంతు సాగుతుంటే మోహన, కల్యాణి, ఆనందభైరవి, చివర మంగళానికి మధ్యమావతి. పెళ్లిలో ముఖారి లాంటి శోకరసపు రాగాల జోలికి పోరు. ఆ క్రమాన్ని వాళ్లకే వదిలేయండి.

త్యాగరాజస్వామి సీతాకల్యాణ కీర్తన, అన్నమయ్య తలంబ్రాల సంకీర్తన తెలుగు పెళ్లిలో ఉండాలనిపిస్తే, ఏ ఘట్టంలో కావాలో పంతులుగారితో, మేళంతో కలిసి ముందే అనుకోండి. సినిమా పాటలు తప్పని నేను అనను. 1961 నాటి 'సీతారామ కల్యాణం' సినిమాలోని కల్యాణం పాట సన్నాయి మీద వినబడితే మా తరం కళ్లు చెమరుస్తాయి. కానీ వాటి చోటు భోజనాల వేళ, ఎదుర్కోలు వేళ. ముహూర్తానికి ముందు అరగంట, తర్వాత అరగంట సన్నాయిని దాని దారిన పోనివ్వండి. కావలసిన పాటల చీటీ పెళ్లికి పదిహేను రోజుల ముందే ఇస్తే వాళ్లు సాధన చేసుకుంటారు. పెళ్లి వేడుకల్లో పాటలు వాయించడానికి హక్కుల రుసుము కట్టాలని ఎవరైనా హాలు దగ్గరికి వస్తే కంగారుపడకండి. 1957 నాటి కాపీరైట్ చట్టం పెళ్లి ఊరేగింపులకీ, పెళ్లికి సంబంధించిన వేడుకలకీ మినహాయింపు ఇచ్చింది.

ఇంకో చిన్న మాట. ఇంట్లో పెద్దవాళ్లు మంగళహారతి పాడుతుంటే మేళాన్ని ఆపమని ముందే చెప్పండి. సన్నాయి శ్రుతి వేరు, మా మేనత్త శ్రుతి వేరు. ఆవిడ పాట ముగిసిన తర్వాత అదే పాటని సన్నాయి మీద అందుకోమంటే, ఆ ముసలి ముఖంలో వచ్చే వెలుగు ఏ కెమెరాకీ చిక్కదు.

శాక్సాఫోన్, డప్పు, చెండ

శాక్సాఫోన్‌ని కర్ణాటక సంగీతంలో నిలబెట్టినవారు కద్రి గోపాలనాథ్ (1949-2019). ఆయన తండ్రి నాదస్వర విద్వాంసుడు. మాండొలిన్‌కి ఆ గౌరవం తెచ్చిన యు. శ్రీనివాస్ (1969-2014) మన పాలకొల్లు బిడ్డ. వాళ్ల దారిలో ఇప్పుడు ఎందరో వాయిస్తున్నారు. వయొలిన్, వేణువు, మృదంగంతో రిసెప్షన్ సాయంత్రం ఎంతో బాగుంటుంది, అతిథులు మాట్లాడుకోవచ్చు కూడా. తెలంగాణ ఊళ్లలో ఊరేగింపుకి డప్పు లేకపోతే పెళ్లి కళే లేదు, బ్యాండు మేళం సంగతీ అంతే. కేరళ చెండమేళం ఈమధ్య మన పెళ్లికొడుకుల ముందు బాగా నడుస్తోంది. అన్నీ ఉండనివ్వండి. కానీ పీటల దగ్గర, ముహూర్తానికి, సన్నాయి డోలుకి బదులు మరోటి పెట్టొద్దన్నది నా గట్టి అభిప్రాయం. కీబోర్డు మీద సన్నాయి మీట నొక్కి వాయించే ఏర్పాటు అసలే వద్దు. ఊపిరి లేని సన్నాయి అది.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లకి అన్నిచోట్లా మేళం దొరకదు. ఫోనులోనో, స్పీకరులోనో గట్టిమేళం పెట్టుకుంటారు. అది వాళ్ల తప్పు కాదు. కాకపోతే ఆ మీట నొక్కే పని ఒక్క మనిషికే అప్పగించండి. ఆ మనిషి ఫొటోలు తీయకూడదు, కబుర్లు చెప్పకూడదు, పంతులుగారి చేతినే చూస్తూ ఉండాలి. ఆ పూటకి మీ డోలు విద్వాంసుడు అతనే.

చోటు, మైకు, భోజనం

మేళాన్ని పెళ్లిపీటలకి పక్కగా, పంతులుగారికి ఎదురుగా, రెండడుగుల ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టండి. మధ్యలో పూలస్తంభం గానీ, లైటు స్టాండు గానీ, వీడియో వాళ్లు గానీ అడ్డం రాకూడదు. అలంకరణ చేసేవాళ్లు బొమ్మ గీసి చూపించినప్పుడే అందులో మేళం చోటు ఏదని అడగండి. చాలా బొమ్మల్లో అది ఉండదు.

మైకు విషయం మీద పోట్లాడైనా సరే గెలవండి. రథం వీధి కోసం పుట్టిన వాద్యానికి మూడొందల మంది పట్టే హాల్లో మైకు అవసరమే లేదు. మూతికి ఆనించి మైకు పెడితే సన్నాయి చెవులు చీల్చుతుంది, పెద్దవాళ్లు లేచి బయటికి పోతారు, తర్వాత "మేళం బాగాలేదు" అంటారు. పెద్ద హాలైతే నాలుగైదు అడుగుల దూరంలో ఒకటి పెట్టి, శబ్దం తగ్గించి ఉంచండి. రాత్రి ముహూర్తాలకి ఇంకో సంగతి ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు, వాయిద్యాలు మోగించకూడదు, మూసి ఉన్న హాళ్లకి మినహాయింపు ఉంది. ఇంటి ముందు పందిట్లో తెల్లవారుజాము పెళ్లి పెట్టుకునేవాళ్లు స్థానిక పోలీసు స్టేషన్‌లో ముందే మాట్లాడుకోవడం మంచిది.

మేళం వాళ్లకి ముహూర్తానికి చాలా ముందే, తేలికైన భోజనం పెట్టండి. నిండు కడుపుతో నాదస్వరం ఊదలేరు, ఖాళీ కడుపుతోనూ ఊదలేరు. రాత్రి ముహూర్తమైతే రెండు గంటలు నడుం వాల్చడానికి ఒక గది, వేడినీళ్ల ఫ్లాస్కు. ఇదేమీ పెద్ద ఖర్చు కాదు. అప్పగింతలు అయిపోయాక, ఆడపిల్ల తల్లిదండ్రులే స్వయంగా వెళ్లి, మాట్లాడుకున్న సొమ్ముతో పాటు తాంబూలంలో బట్టలు పెట్టి చేతికివ్వాలి. మేనేజరు చేత కవరు పంపించకండి.

మా తమ్ముడి రెండో కూతురికి మొన్న మాఘంలో పెళ్లి చేశాం. ఆ పిల్లే వచ్చి, "పెదనాన్నా, ఈసారి మేళం నా ఎదురుగా ఉండాలి" అంది. చిలకలూరిపేట వైపు నుంచి మేళం పిలిపించాం. ముందురోజు సాయంత్రం డోలు విద్వాంసుడు ఖాళీ వేదిక ఎక్కి, తన బల్ల మీద కూర్చుని, పంతులుగారిని పీట దగ్గర నిలబడమని అడిగాడు. చెయ్యెత్తమన్నాడు. ఒకడుగు ఎడమకి జరిగి మళ్లీ చూశాడు. మధ్యలో ఉన్న పూలకుండీని తనే తీసి పక్కన పెట్టాడు.

మీ ఇంట్లో పెళ్లి ఉంటే, ముందురోజు మీరూ ఆ ఒక్క పని చేయండి. డోలు ఉండే చోట కూర్చుని, పంతులుగారి చెయ్యి కనబడుతోందో లేదో చూసుకోండి.